గుమాస్తా చేతికి రంగుల పెట్టె

పారిస్ వెళ్లి లా చదివాడు. పరీక్ష పాసయ్యాడు. తిరిగొచ్చి, సొంతూరికి దగ్గర్లోని సాఁ కాంతాఁ పట్టణంలో ఒక లాయర్ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. ఇరవై నిండకుండానే ఉద్యోగం. కొడుకు సెటిలైపోయాడని తండ్రికి నిశ్చింత. కొడుక్కి మాత్రం పొద్దస్తమానం కాగితాలు చూసి కాపీ రాయడమంటే పరమ విసుగు. ఆ కుర్రాడి పేరు హెన్రీ మతీస్. తర్వాత పికాసోతో సమానంగా నిలబడిన ఫ్రెంచ్ చిత్రకారుడు ఆయనే.

1869 డిసెంబరు 31న ఉత్తర ఫ్రాన్స్‌లో పుట్టాడు. తండ్రిది విత్తనాల వ్యాపారం. తల్లి పింగాణీ పాత్రల మీద బొమ్మలు వేసేది. 1890లో అపెండిసైటిస్ వచ్చి మతీస్ మంచాన పడ్డాడు. కోలుకోవడానికి నెలలు పట్టింది. పడుకుని పడుకుని పొద్దుపోక అల్లాడుతున్న కొడుక్కి తల్లి ఒక రంగుల పెట్టె కొనిచ్చింది. కాస్త కాలక్షేపమవుతుందనే తప్ప అందులో కెరీర్ ఆలోచన ఏమీ లేదు. ఆయన ఎదురుగా ఉన్న పుస్తకాల్ని బొమ్మ వేశాడు. మంచం దిగేసరికి మనసు ఆఫీసులో లేదు. మరుసటి ఏడాది ఉద్యోగం వదిలేసి, తండ్రి ససేమిరా అంటున్నా పారిస్ రైలెక్కాడు.

ఇది చదివి రేపే రిజైన్ చేసేయకండి. 1892లో అక్కడి ప్రభుత్వ ఆర్ట్ స్కూల్ ఎంట్రన్స్ తప్పాడు. గుస్తావ్ మొరో అనే గురువు తన క్లాసులో కూర్చోనిచ్చాడు కాబట్టి సరిపోయింది. సీటు వచ్చేసరికి 1895. ఆ తర్వాత పెళ్లి, పిల్లలు, ఖర్చులు. 1900లో పారిస్ ఎగ్జిబిషన్ భవనానికి గోడ అంచుల్లో ఆకుల తోరణాలు వేసే కూలి పనికి కూడా వెళ్లాడు. భార్య అమేలీ టోపీల దుకాణం నడిపి ఇల్లు గడిపింది. 1905లో ఆయన బృందం రంగుల ధాటి చూసి ఒక విమర్శకుడు వాళ్లని అడవి మృగాలన్నాడు. ఆ ఎగతాళే ‘ఫావిజం’ అనే పేరుగా స్థిరపడింది.

బొమ్మలేస్తే టెన్షన్ పోతుందని రీల్స్‌లో వింటుంటాం కదా. మతీస్ విషయంలో అది సగమే నిజం. ఆయన బొమ్మల్లో కనిపించే ప్రశాంతత ఆయనకి లేదు. జీవితమంతా నిద్రలేమి. ఒకే చిత్రాన్ని గీకేసి మళ్లీ మళ్లీ వేసేవాడు. గీత బాగా వస్తే రంగు కుదిరేది కాదు, రంగు కుదిరితే గీత చచ్చిపోయేది. ఈ పేచీ దశాబ్దాల పాటు నడిచింది.

తెగింది 1941 తర్వాత. అప్పటికి 71 ఏళ్లు. పేగు క్యాన్సర్‌కి లియోన్‌లో ఆపరేషన్ జరిగింది. తర్వాత వచ్చిన కాంప్లికేషన్లతో చావు దాకా వెళ్లొచ్చాడు. బతికించింది డాక్టర్లూ నర్సులే, రంగులు కాదు. కానీ ఆ బతికిన మనిషి కాన్వాస్ ముందు ఎక్కువసేపు నిలబడలేడు. మంచం, చక్రాల కుర్చీ, అంతే. అప్పుడు కత్తెర పట్టుకున్నాడు. అంతకు పదేళ్ల ముందు ఒక పెద్ద గోడచిత్రం ప్లాన్ చేసుకోవడానికి కాగితం ముక్కలు వాడాడు. అప్పుడు పక్కవాయిద్యంలా ఉన్నదే ఇప్పుడు అసలు పని అయింది. సహాయకులు తెల్ల కాగితాలకి చిక్కటి రంగు పూసి ఆరబెట్టేవారు. ఆయన ఒడిలో పెట్టుకుని, ముందుగా గీత గీసుకోకుండా నేరుగా కత్తిరించేవాడు. వాళ్లు గోడకి గుండుసూదులతో గుచ్చి, ఆయన చెప్పినట్టు అటూ ఇటూ జరిపేవారు. కత్తెర రంగులోంచి వెళ్తుంటే అంచు దానంతటదే గీత అవుతుంది. పాత పేచీ అలా తీరింది. ఒళ్లు బాగున్నన్నాళ్లూ దొరకని దారి అది.

ఆ పనిలో ఉండగానే, 1944లో, అమేలీనీ కూతురు మార్గరీత్‌నీ జర్మన్ రహస్య పోలీసులు పట్టుకెళ్లారు. ఇద్దరూ నాజీ వ్యతిరేక ఉద్యమంలో పనిచేస్తున్నారు. కూతుర్ని చిత్రహింసలు పెట్టారు. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. అమేలీ అప్పటికే మతీస్‌కి దూరమైంది. ఏ కత్తెరా ఆ దూరాన్ని తగ్గించలేదు. యుద్ధం ఆయన బొమ్మల్లోకి రాలేదని కొందరి ఫిర్యాదు. 1947లో వచ్చిన ‘జాజ్’ పుస్తకంలో ఇకారస్ బొమ్మ చూడండి. నీలాకాశం, చుట్టూ పసుపు రంగు నక్షత్రాలు, మధ్యలో ఒక నల్లటి మనిషి, గుండె దగ్గర ఒకే ఒక్క ఎర్రచుక్క. నాకైతే ఆ ఫిర్యాదు నిలబడదనిపిస్తుంది.

ఆపరేషన్ తర్వాత ఆయనకి నర్సుగా పనిచేసిన ఒకమ్మాయి తర్వాత సన్యాసిని అయింది. ఆమె అడిగిన మాటతో మొదలై వాన్స్‌లో ఒక చిన్న ప్రార్థనామందిరం తయారైంది. కిటికీల అద్దాల నుంచి పూజారుల దుస్తుల దాకా అన్నీ ఆయనే డిజైన్ చేశాడు. చేయి అందని చోట పొడవాటి కర్ర చివర బొగ్గు కట్టి గీశాడు. 1951లో అది పూర్తయింది.

1952 వేసవిలో ఈతగాళ్లని చూడాలనిపించి కాన్ నగరంలోని ఒక పూల్‌కి వెళ్లాడు. ఎండకి తట్టుకోలేక వెనక్కి వచ్చేశాడు. నీస్‌లోని ఇంట్లో భోజనాల గది గోడల చుట్టూ, తల ఎత్తుకి కాస్త పైన, తెల్ల కాగితం పట్టీ అతికించమన్నాడు. నీలం కాగితాలు తెప్పించుకుని కత్తెర తీశాడు. ఒకరి వెనక ఒకరు ఈతగాళ్లు, డైవ్ చేసేవాళ్లు, చిందే నీళ్లు ఆ పట్టీ మీదకి చేరాయి. 1954 నవంబరు 3న మతీస్ చనిపోయాడు. ఆ భోజనాల గది పూల్ ఇప్పుడు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది.