మూడు తరాలు కనిపెట్టిన జబ్బు

అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో ఈస్ట్ హాంప్టన్ అనే ఊరుంది. జార్జ్ హంటింగ్‌టన్ 1850లో అక్కడే పుట్టారు. ఆయన తాత ఏబెల్ 1797లో ఆ ఊరొచ్చి వైద్యం మొదలుపెట్టారు. తర్వాత తండ్రీ అదే వృత్తి చేపట్టారు. తండ్రి రోగులను చూడటానికి బండిలో బయల్దేరితే చిన్నారి జార్జ్ కూడా ఎక్కేవారు.

ఓ రోజు చెట్ల మధ్య దారిలో ఇద్దరు మహిళలు ఎదురయ్యారు. తల్లీకూతుళ్లు. ఇద్దరూ పొడవుగా, ఎముకల గూళ్లలా ఉన్నారు. ఒళ్లు మెలికలు తిరిగిపోతోంది, ముఖాలు వంకర్లు పోతున్నాయి. జార్జ్‌కు భయం వేసింది. తండ్రి మాత్రం ఆగి, వాళ్లను పలకరించి ముందుకు సాగారు.

1871లో జార్జ్ కొలంబియాలో వైద్యవిద్య పూర్తిచేశారు. మరుసటి ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రంలో వైద్యుల సమావేశంలో ఓ వ్యాసం చదివారు. అప్పటికి 22 ఏళ్లు నిండలేదు. వ్యాసం కొరియా అనే జబ్బు గురించి. గ్రీకులో ఆ మాటకు నాట్యమని అర్థం, దేశం పేరుతో సంబంధం లేదు. చాలా భాగం పిల్లలకు వచ్చే మామూలు కొరియా గురించే. చివర్లో కొద్దిగా, తన ఊరి కుటుంబాల జబ్బు గురించి చెప్పారు. ఆ కొద్దే నిలిచింది.

ఈ జబ్బు వంశంలో దిగుతుంది. సాధారణంగా పెద్దయ్యాకే బయటపడుతుంది. కాళ్లూ చేతులూ వాటంతటవే కదులుతాయి, క్రమంగా మతీ దెబ్బతింటుంది. జబ్బు రానివాళ్ల పిల్లలకు ఇక రాదు, దారం తెగినట్టే. మెండెల్ సూత్రాలను లోకం గుర్తించడానికి 28 ఏళ్ల ముందే ఆయన ఈ మాట చెప్పారు!

అంత గట్టిగా ఎలా చెప్పగలిగారు? నడివయసులో మొదలయ్యే జబ్బు పిల్లలకూ వచ్చిందో లేదో తేలాలంటే ఒక్క వైద్యుడి జీవితం చాలదు. ఆయన చేతిలో తాత, తండ్రి చూసిన కేసుల వివరాలున్నాయి. చిత్తుప్రతిని తండ్రే పెన్సిల్‌తో దిద్దారు. అంతకుముందూ కొందరు ఈ జబ్బు గురించి రాశారు కానీ ఇంత స్పష్టంగా కాదు. అందుకే ఆయన పేరే దానికి స్థిరపడింది. ఆయన మాత్రం పరిశోధనల జోలికి పోలేదు. పల్లె వైద్యుడిగానే ఉంటూ, తీరికవేళ ఫ్లూట్ వాయించుకుంటూ గడిపి 1916లో కన్నుమూశారు.

పేరున్నా, గుర్తుపట్టేవాళ్లు కరువే. జానపద గాయకుడు వుడీ గుత్రీ తల్లి ఇదే జబ్బుతో పిచ్చాసుపత్రిలో చనిపోయారు. ఆయనకూ వస్తే మొదట తాగుడని, తర్వాత మానసిక వ్యాధని అన్నారు. అసలు సంగతి 1952లో తేలింది. దీనికి కారణమైన జన్యువు 1993లో దొరికింది. ఇప్పుడు రక్తపరీక్షతోనే తెలుసుకోవచ్చు. పూర్తిగా నయంచేసే మందు ఇంకా రాలేదు.