గాయం మీద లక్క పూత

1865 ఆగస్టు 12. పదకొండేళ్ల జేమ్స్ గ్రీన్‌లీస్‌ని స్కాట్లాండ్‌లోని గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీకి తీసుకొచ్చారు. బండి చక్రం కాలి మీంచి వెళ్లడంతో ఎముక విరిగి, చర్మం చీలిపోయింది. అప్పట్లో ఇలాంటి గాయానికి చీము పడితే కాలు తీసేయాల్సిందే. తీసేసినా బతుకుతారన్న భరోసా లేదు. సర్జన్ జోసెఫ్ లిస్టర్ వార్డుల్లోనే 1864, 1866ల్లో కాలో చెయ్యో తొలగించిన 35 మందిలో 16 మంది చనిపోయారు.

లిస్టర్ 1827లో ఇంగ్లండ్‌లోని అప్టన్‌లో పుట్టారు. తండ్రి వైన్ వ్యాపారి, మైక్రోస్కోప్ లెన్సులను మెరుగుపరిచిన మనిషి. అందుకే కంటికి కనిపించని జీవుల వల్లే పదార్థాలు కుళ్లుతాయని పాశ్చర్ చెబితే లిస్టర్ కొట్టిపారేయలేదు. కార్లైల్ ఊళ్లో మురుగుకు వాడుతున్న కార్బాలిక్ ఆమ్లంతో జేమ్స్ గాయానికి కట్టు కట్టారు. ఆరు వారాల తర్వాత ఆ పిల్లాడు రెండు కాళ్లతో ఇంటికెళ్లాడు.

కథ ఇక్కడితో అయిపోలేదు. అసలు ఇంజినీరింగ్ ఇప్పుడే మొదలైంది. ఆమ్లం ఎక్కువైతే చర్మం కాలుతుంది, తక్కువైతే రక్తంతో కొట్టుకుపోతుంది. అంటే అది కొద్దికొద్దిగా విడుదల కావాలి. లిస్టర్ ముందు సుద్దపొడి, అవిసె నూనె కలిపిన ముద్దలో ఆమ్లాన్ని పెట్టి చూశారు. తర్వాత లక్కతో ప్లాస్టర్ చేశారు. అవును, మన లాడ్ బజార్ గాజుల్లో ఉండే లక్కే! అది గాయానికి అంటుకోకుండా పైన గట్టాపెర్చా అనే చెట్టుపాల పూత వేశారు. చివరికి 1871లో పల్చటి నూలు గుడ్డకు ఆమ్లం, చెట్టు జిగురు, పారఫిన్ మైనం పట్టించారు. జిగురు ఆమ్లాన్ని పట్టి ఉంచుతుంది. మైనం కట్టును అతుక్కుపోనివ్వదు. ఒక్కో పదార్థానికి ఒక్కో డ్యూటీ అన్నమాట. ఇప్పుడు మనం కాంపోజిట్ అంటున్నది దీన్నే.

1867–69 మధ్య ఆయన వార్డుల్లో కాళ్లూ చేతులూ తొలగించిన 40 మందిలో చనిపోయింది ఆరుగురే. అయినా చాలామంది సర్జన్లు ఏళ్ల తరబడి నమ్మలేదు. ఆయన వాదనతో ఆగకుండా కట్టును మారుస్తూ పోయారు. తను తెచ్చిన కార్బాలిక్ స్ప్రే అనవసరమని తేలాక దాన్ని తనే వదిలేశారు. 1912లో కన్నుమూశారు.

నేడు సముద్రపు నాచు నుంచి ఆల్జినేట్, రొయ్యల పెంకుల నుంచి కైటోసాన్ తీసి కట్లు తయారుచేస్తున్నారు. బయోమెటీరియల్స్ వైపు వెళ్లాలనుకుంటే మీ ముందుండేదీ ఆయన ప్రశ్నే: మందు గాయంలో నిలవాలి, గాయాన్ని మాత్రం కాల్చకూడదు. ఎలా?