భాక్రా విద్యుత్తు వెనుక తెలుగు ఇంజినీరు అయ్యలసోమయాజుల లలిత

హావ్‌డా-చెన్నై రైలు మార్గంలోని ఖరగ్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. రైల్వే కొలువుల కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు సుభాష్‌పల్లి వంటి పేటల్లో తరాలుగా నివసిస్తున్నాయి. అక్కడికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని కలకత్తాలో, భారతదేశపు తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజినీరుగా పేరొందిన అయ్యలసోమయాజుల లలిత దాదాపు మూడు దశాబ్దాలు పనిచేశారు. ఆమె వృత్తి జీవితానికి తొలి మెట్టు కూడా రైల్వే కార్ఖానాయే.

లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులోని తెలుగు కుటుంబంలో జన్మించారు. 15వ ఏట వివాహం, 18వ ఏట వైధవ్యం ప్రాప్తించాయి. అప్పటికి కుమార్తెకు నాలుగు నెలలు. వితంతువుల జీవితం ఆంక్షల మధ్య గడిచే ఆ రోజుల్లో, సొంత సంపాదనతో బిడ్డను పెంచాలని ఆమె నిశ్చయించుకున్నారు. వేళాపాళా లేని వైద్యవృత్తి పసిబిడ్డ తల్లికి పొసగదని ఇంజినీరింగ్ వైపు మొగ్గు చూపారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ ఆచార్యులు. ఆయన కోరగా ప్రిన్సిపాల్ కె.సి. చాకో అంగీకరించడంతో, అంతవరకు పురుషులకే పరిమితమైన ఆ కళాశాలలో లలితకు ప్రవేశం లభించింది.

సివిల్ విభాగంలో పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ ఆమెకు తోడయ్యారు. 1943లో చదువు ముగిసింది. పట్టా పత్రాలపై పురుషుణ్ని సూచించే పదమే అచ్చయి ఉంది. దాన్ని కొట్టివేసి, స్త్రీని సూచించే పదాన్ని చేతితో రాయవలసి వచ్చింది.

జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొందిన లలిత, అనంతరం సిమ్లాలోని ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో ఉద్యోగం చేశారు. కొంతకాలం తండ్రి పరిశోధనలకు తోడ్పడ్డారు. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. అక్కడే సోదరుడి కుటుంబం ఉండటంతో బిడ్డ సంరక్షణకు అండ దొరికింది. సరఫరా లైన్ల రూపకల్పన, సబ్‌స్టేషన్ల అమరిక, రక్షణ పరికరాలు ఆమె బాధ్యతలు. భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలోనూ ఆమె పాలుపంచుకున్నారు. నిర్మాణ స్థలాల్లో తిరగడం ఆనాడు ఒంటరి వితంతువుకు సులభం కానందున, ఆమె కృషి ప్రధానంగా కార్యాలయంలోని నక్షాలపైనే సాగింది.

లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థ 1953లో ఆమెకు అసోసియేట్ సభ్యత్వాన్ని, 1966లో పూర్తి సభ్యత్వాన్ని ఇచ్చింది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సులో ఆమె పాల్గొన్నారు. 1977లో పదవీ విరమణ చేశారు. 1979 అక్టోబరు 12న, 60వ ఏట కన్నుమూశారు.

నేడు రైల్వే పట్టణాల నుంచి ఇంజినీరింగ్ కళాశాలలకు వెళ్తున్న ఆడపిల్లల పట్టాలపై ఏ పదాన్నీ కొట్టివేయనక్కరలేదు.