ఆల్టమీరా గుహ – సౌతువోలా

స్పెయిన్ దేశపు ఉత్తర తీరమున శాంతాండర్ అను నగరము కలదు. మార్సెలీనో సాన్స్ దె సౌతువోలా 1831వ సంవత్సరము జూన్ 2వ తేదీన ఆ నగరమున జన్మించెను. ఆయన సంపన్న గృహస్థు; న్యాయశాస్త్రము చదివినవాడు. కాని ఆయన మనస్సు ప్రాచీన వస్తువులయందే లగ్నమై యుండెను. తీరిక దొరికినప్పుడెల్ల కొండగుహలకు పోయి, మట్టిని త్రవ్వి, ఆదిమానవులు విడిచిన రాతి పనిముట్లను సేకరించుచుండెను.

1878వ సంవత్సరమున ఆయన పారిస్ నగరమునందలి ప్రపంచ ప్రదర్శనమును చూడబోయెను. ఆదిమానవులు ఎముకలపైనను, దుప్పికొమ్ములపైనను చెక్కిన జంతురూపములు అచ్చట ఆయన కంటబడెను. అట్టి చెక్కడములను విద్వాంసులు అప్పటికే అంగీకరించి యుండిరి. 1864లో ఫ్రాన్సునందలి లా మదలేన్ అనుచోట దొరికిన దంతపు ముక్కపై మామత్ అను రోమములుగల యేనుగు రూపము కలదు. ఆ జంతువు నశించి వేలయేండ్లు గడచినవి. దానిని కన్నులార చూచినవాడే దాని రూపమును చెక్కగలడు. కావున ఆ చెక్కడము మామత్ జీవించిన కాలపు మానవునిదే యని తేలెను.

శాంతాండర్ నగరమునకు పడమర ఆల్టమీరా అను గుహ యున్నది. కొండబండలు రాలి దాని ద్వారము 13,000 ఏండ్ల క్రిందటనే మూసికొనిపోయెను. 1868 ప్రాంతమున ఒక వేటగాడు దానిని కనుగొనెను. 1879లో సౌతువోలా ఆ గుహలో నేలను త్రవ్వి పరిశోధించుచుండెను. వెంట వచ్చిన ఎనిమిదేండ్ల కుమార్తె మరియా దీపపు వెలుగున తలయెత్తి, పైన ఎద్దులు కలవని తండ్రిని పిలిచెను. ఆ కప్పు మిక్కిలి తక్కువ యెత్తుగలది. పెద్దలు వంగి నడువవలసిన యా చోట బాలిక నిటారుగా నిలిచి చూడగలిగెను.

తండ్రి చూచి నిశ్చేష్టుడయ్యెను. ఎర్రమట్టితోను, నల్లని బొగ్గుతోను చిత్రింపబడిన బైసన్ అను అడవియెద్దులు కప్పంతయు నిండియుండెను. కొన్ని నిలిచియుండెను, కొన్ని కాళ్లు ముడుచుకొని యుండెను. బండయందలి సహజమైన ఉబ్బులనే చిత్రకారుడు జంతువుల శరీరములుగా మలచుకొనుటచే అవి శిల్పములవలె కనబడుచుండెను.

బైసన్ స్పెయిన్ దేశమున ఎన్నడో నశించినది. కొమ్ముపై జంతువును చెక్కనేర్చిన చేయి బండపై దానిని చిత్రింపలేదా యని సౌతువోలా తర్కించెను. ఆ చిత్రములు ఆదిమానవులవే యని 1880లో ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. మాడ్రిడ్ ఆచార్యుడగు విలనోవా ఆయన పక్షము వహించి, ఆ సంవత్సరమే లిస్బన్ నగరమున జరిగిన విద్వత్సభలో ఈ విషయమును వినిపించెను.

సభ దానిని త్రోసిపుచ్చెను. అనాగరికుడైన ఆదిమానవునికి ఇంతటి కళ ఎట్లు అబ్బునని పండితులు ఆక్షేపించిరి. రంగులు క్రొత్తగా నున్నవనిరి. గోడలపై దీపపు మసి లేదనిరి. ఎముకల మూలుగలోని క్రొవ్వుతో వెలిగించిన దీపమునకు మసి స్వల్పమని వారు తలపోయలేదు. ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధ పండితుడు కార్తయాక్ గుహను చూడకయే నిరాకరించెను. అంతటితో నిందలు ఆగలేదు. సౌతువోలా ఒక చిత్రకారునిచేత ఆ బొమ్మలు వేయించి లోకమును మోసగించుచున్నాడను అపవాదు పుట్టెను. ధనము కోరని, కీర్తికై ప్రాకులాడని ఆ సత్యవంతునికి ఇంతకు మించిన శిక్ష లేదు. ఆయన తన మాటను మార్చుకొనలేదు. 1888వ సంవత్సరము మార్చి 30వ తేదీన, ఆ నింద తొలగకమునుపే, మరణించెను. విలనోవాయు 1893లో గతించెను.

సత్యము మాత్రము మరుగున పడలేదు. 1895లో ఫ్రాన్సునందలి లా మూత్ గుహలో గోడలపై చెక్కిన జంతురూపములు బయల్పడెను. 1901లో మరి రెండు గుహలలో అట్టి చెక్కడములును, చిత్రములును కనబడెను. వేలయేండ్లనుండి పేరుకొనిన మట్టిచే కొన్ని గుహల ద్వారములును గోడలును కప్పబడి యుండుటచే అవి క్రొత్తవని యనుటకు వీలులేకపోయెను. అంతట కార్తయాక్ 1902లో తన పొరపాటును ఒప్పుకొనుచు ఒక వ్యాసమును ప్రకటించెను. ఆల్టమీరాకు స్వయముగా వచ్చి గుహను దర్శించెను. అప్పటికి సౌతువోలా మరణించి పదునాలుగేండ్లయ్యెను. తండ్రి నిర్దోషి యని లోకము అంగీకరించుటను చూచు భాగ్యము కుమార్తె మరియాకు లభించెను.

1985లో ఆల్టమీరా ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను. అచ్చటి గుర్తులలో ఒకటి 35,000 ఏండ్లకు పైబడినదని ఇటీవలి పరీక్షలు తెలిపినవి. సందర్శకుల ఊపిరిచే రంగులు చెడకుండుటకై 2001లో ఆ గుహకు సరియైన ప్రతిరూపమును సమీపముననే నిర్మించిరి.

కండ్లారా చూచిన ఒక్కని మాటకంటె, చూడని పలువురి తీర్పు బలవత్తరముగా కనబడు సమయములు కలవు. అట్టి సమయమున సౌతువోలా సత్యమును విడువలేదు. తప్పు తెలిసినపిమ్మట కార్తయాక్ దానిని దాచలేదు. విద్యార్థులకు ఈ ఇరువురి నడవడియు ఆదర్శప్రాయము.