తీర్పరి యెదుట శ్రీనాథుడు

కవిసార్వభౌముడు శ్రీనాథుడు 14వ శతాబ్ది ఉత్తరార్ధమున జన్మించి, యౌవనముననే కొండవీటి ప్రభువు పెదకోమటి వేమారెడ్డి (1402–1420) కొలువున విద్యాధికారి అయ్యెను. సభకు వచ్చు పండితులను పరీక్షించి, ఎవరు సత్కారమునకు అర్హులో తేల్చుట ఆ పదవికి చెందిన పని. ఇట్లు పరులకు తీర్పు చెప్పిన మహాకవి ఒకనాడు తానే తీర్పునకై నిలువవలసి వచ్చెను.

కొండవీటి ప్రాభవము తగ్గిన పిమ్మట ఆయన విజయనగరమున ప్రౌఢదేవరాయల (1424–1446) సభకు పోయెను. అచ్చటి గౌడ డిండిమభట్టు తన విజయములకు గురుతుగా కంచుఢక్క మ్రోగించుకొనువాడు. ఓడినచో శ్రీనాథుడు బిరుదములు విడువవలెను, గెలిచినచో ఢక్క పగులవలెను అని పందెమందురు. మధ్యవర్తి శైవాచార్యుడైన చంద్రశేఖర క్రియాశక్తి. ఆయన ఇరకాటమును ఊహింపుడు! ఒకవైపు తమ రాజాస్థాన పండితుడు, వేరొకవైపు ఆశ్రయము వెదకుకొనుచు వచ్చిన పరదేశి. అయినను జయము పరదేశికే దక్కెను. ఢక్క పగిలెను. ముత్యాలశాలలో కనకాభిషేకము జరిగెను. ఈ వైభవమును చెప్పుకొన్న పద్యముననే శ్రీనాథుడు క్రియాశక్తి పేరును కూడ నిలిపెను. గెలిచినవారు తీర్పరిని తలచుట అరుదు. ఆలయమున పద్యపఠన పోటీలకు కూర్చొను నాకిది అనుభవమే.

తరువాత రాజమహేంద్రవరమున వీరభద్రారెడ్డికి కాశీఖండము అంకితమిచ్చెను. వార్ధక్యమున ఆదరించు ప్రభువులు లేక బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకొనగా, పైరును కృష్ణానది ముంచివేసెను. ఏడు వందల టంకముల బాకీకై ఆయనను ఎండలో నిలిపి భుజముపై నల్లగుండు నెక్కించిరని ఆయనదిగా చెప్పబడు చాటువు తెలుపుచున్నది. ఆ వీథిలో ఆయన మొర వినుటకు మధ్యవర్తి ఎవ్వడును లేకుండెను.