పేరు మారింది, పన్ను పెరిగింది: ఆంధ్రరత్న జీవితంలో ఒక లెక్కల పాఠం



సాంఖ్యకశాస్త్రంలో గుణాత్మక, పరిమాణాత్మక చలరాశుల పాఠం మొదలవగానే పిల్లలు ఇంటికొచ్చి ఒక ప్రశ్న అడుగుతారు: రోల్ నంబరు ఏ రకం? అంకెల్లో ఉంది కాబట్టి పరిమాణాత్మకమే అని మనలో చాలామందిమి చెప్పేస్తాం. కాదు. క్లాసులో అందరి రోల్ నంబర్లకూ సగటు తీస్తే వచ్చే అంకె మనకు ఏమీ చెప్పదు. రోల్ నంబరు కూడా ఒక పేరే. ఎత్తు, బరువు, ఖర్చు అలా కాదు. అవి ఎంత అన్న ప్రశ్నకు జవాబులు.

పరీక్షలో ఇది ఒక్క మార్కు ప్రశ్న. నూరేళ్ల కిందట మన చీరాలలో మాత్రం ఊరి రకానికీ పన్ను మొత్తానికీ ముడిపడిన ఒక చిక్కు వేలమందిని ఇళ్లు విడిచేలా చేసింది. ఆ జనానికి ముందు నడిచినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు.

ఆయన 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని బంధువుల దగ్గర పెరిగారు. స్కాట్లాండు వెళ్లి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివారు. తిరిగొచ్చాక బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. నందికేశ్వరుని అభినయ దర్పణాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి అనువదించారు. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం దాన్ని అచ్చువేసింది.

మీ అమ్మాయి కూచిపూడో భరతనాట్యమో నేర్చుకుంటుంటే ఆ గ్రంథం పేరు వినే ఉంటుంది. తలకు 9, చూపుకు 8, మెడకు 4 భేదాలంటూ అది కదలికలను విడదీసి చెబుతుంది. ఏ కదలిక అన్నది గుణాత్మకం. ఒక నాట్యంలో అది ఎన్నిసార్లు వచ్చింది అన్నది పరిమాణాత్మకం. ఒకే నాట్యాన్ని రెండు విధాలుగా నమోదు చేయవచ్చు.

ఇప్పుడు చీరాల సంగతి. చీరాల, పేరాల అప్పట్లో ఒక యూనియన్ కింద ఉండేవి. అంటే చిన్న ఊళ్ల కోసం పెట్టిన పాలన. 1919లో మద్రాసు ప్రభుత్వం వాటిని మున్సిపాలిటీగా మార్చింది. యూనియన్, మున్సిపాలిటీ అన్నవి రెండు రకాల పేర్లు, అంటే గుణాత్మక చలరాశికి రెండు విలువలు. కానీ ఆ పేరు మారడంతో ఒక పరిమాణం కూడా మారింది. ఏడాదికి సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్ను దాదాపు 40,000కు చేరే పరిస్థితి వచ్చింది. ఊరి రకం కాగితం మీద మారింది. మగ్గం మీద వచ్చే కూలి మాత్రం మారలేదు. చేనేత కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊరికి ఆ భారం మోయలేనిదైంది.

గోపాలకృష్ణయ్య గారు ప్రజలను కూడగట్టారు. రామదండు పేరుతో స్వచ్ఛంద సేవకుల దళాన్ని నడిపారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చినప్పుడు, మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం ఒక మార్గమని సూచించారు. హద్దుకు లోపలా, వెలుపలా అన్నదీ గుణాత్మకమే. అయినా పన్ను పడుతుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడింది. సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా ఇళ్లు వదిలి, ఊరి బయట పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టారు. ఎండలకూ వానలకూ ఓర్చి అక్కడ 11 నెలలు గడిపారు.

ఉద్యమం నడుస్తుండగానే గోపాలకృష్ణయ్య గారికి ఏడాది జైలుశిక్ష పడింది. ఆయనను తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నాయకుడు దూరమయ్యాడు, చేతిలో డబ్బు అయిపోయింది, చివరికి జనం మళ్లీ పాత ఇళ్లకు చేరారు. జైలు నుంచి వచ్చాక ఆయన పేదరికంతో, క్షయవ్యాధితో బాధపడ్డారు. 1928 జూన్ 10న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్లు.

ఈ ఆదివారం మీ పిల్లలతో కూర్చుని ఈ కథ నుంచే ఒక పట్టిక వేయించండి. ఊరి రకం, కుటుంబం వృత్తి, హద్దుకు లోపలా బయటా అన్నవి ఒక వైపు. పన్ను, జనాభా, పాకల్లో గడిపిన నెలలు రెండో వైపు. 1921 అన్న సంవత్సరాన్ని ఎటు వేయాలో వాళ్లనే వాదించనివ్వండి. ప్రతి వరుస దగ్గరా ఒకటే అడగండి: ఇది ఏ రకం అని చెబుతోందా, ఎంత అని చెబుతోందా?

ఆ తర్వాత ప్రోగ్రెస్ కార్డు తెరవండి. మార్కులు ఎంతో చెబుతాయి. ర్యాంకు వరుసను మాత్రమే చెబుతుంది. మొదటి ర్యాంకుకూ రెండో ర్యాంకుకూ మధ్య తేడా ఒక్క మార్కు కావచ్చు, ఇరవై కావచ్చు. ర్యాంకు ఒక మెట్టు దిగితే చదువు కూడా అంతే తగ్గిందని అనుకోకండి. చీరాలలో పేరు మారినంత మాత్రాన జనం సంపాదన పెరగలేదు కదా. పిల్లవాడిని మందలించే ముందు ఆ కార్డులో ఏ అంకె ఏ రకమో ఒక్కసారి చూడండి.