బాబాయె ఉర్దూ మౌల్వీ అబ్దుల్ హక్

నస్రుల్లాబాద్ అనే పేరులో ఒక్క తెలుగు మాట లేదు. నస్రుల్లా అనగా దైవసహాయమని అరబ్బీ అర్థం; ఆబాద్ పారసీక పదం. అయినను ఆ పేరును నిత్యం పలికే నోళ్ళలో అధికభాగం తెలుగు నోళ్ళే. జ్వరం వచ్చినవాడు దవాఖానాకు పోతాడు, భూమి తగాదా ఉన్నవాడు తహసీల్దారు దగ్గరకు పోతాడు. ఈ మాటలు పరాయివని ఎవరికీ తోచదు. కాని కళాశాలలో చేరి శాస్త్ర విషయంలో మొదటి పాఠం వినే విద్యార్థికి, అతనిది ఉర్దూ ఇల్లైనా తెలుగు ఇల్లైనా, ఇంటి మాట అక్కడ అక్కరకు రాదనే సంకోచం కలుగుతుంది. ఆ సంకోచాన్ని పోగొట్టడానికి మన పూర్వపు హైదరాబాదు రాజ్యంలో సగం జీవితం వెచ్చించినవారు మౌల్వీ అబ్దుల్ హక్. ఉర్దూ లోకం వారిని బాబాయె ఉర్దూ అని, అనగా ఉర్దూ భాషకు తండ్రి అని పిలుచుకొన్నది.

వారు 1870లో మీరట్ జిల్లా హాపూడ్ ప్రాంతంలో జన్మించారు. అలీగఢ్ కళాశాలలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ నీడలో చదివి 1894లో పట్టభద్రులయ్యారు. అటుపిమ్మట దక్కనుకు వచ్చి మదరసా ఆసఫియాలో ప్రధానోపాధ్యాయులుగా, తరువాత పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేశారు. 1912లో అంజుమన్ తరఖ్ఖీయె ఉర్దూ అనే సంస్థకు కార్యదర్శి అయ్యారు. 1903లో స్థాపితమైన ఆ సంస్థ అప్పటికి పేరుకు మాత్రమే మిగిలి ఉన్నది. దాని ఆస్తి అంతా ఒక పెట్టెలో పట్టే కాగితాలేనని చెప్పుకొంటారు. ఆ పెట్టెను ఆయన ఔరంగాబాదుకు తెచ్చుకొని, దానినుండి ఒక గ్రంథాలయాన్ని, ముద్రణాలయాన్ని, పత్రికలను పుట్టించారు.

1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పవలెనన్న నిర్ణయం జరిగింది. బోధన ఉర్దూలో సాగవలెను. ఆంగ్లం ఒక తప్పనిసరి పాఠ్యాంశంగా మాత్రమే ఉండవలెను. ఇది చెప్పడం సులభమే. పాఠ్యగ్రంథాలెక్కడివి? అందుకే విశ్వవిద్యాలయం కంటె ముందు దారుల్ తర్జుమా అనే అనువాదశాల పుట్టింది. దానికి మొదటి అధిపతి అబ్దుల్ హక్ గారు. 1919లో ఇంటర్మీడియట్ తరగతులు ఆరంభం కావలసి ఉండగా, అంతలోపల చరిత్ర, గణితం, భౌతికం, రసాయనం ఇత్యాది విషయాల ప్రథమ గ్రంథాలు సిద్ధం కావలసి వచ్చింది. ఉపాధ్యాయుడు ఎంత సమర్థుడైనా పదం లేనిదే పాఠం చెప్పలేడు గదా!

పారిభాషిక పదాల నిర్మాణానికి ఏర్పడిన సంఘంలో పండితులు రెండు పక్షాలైనారు. అరబ్బీ ధాతువులనుండి పదాలు తీయవలెనని నజ్మ్ తబాతబాయీ ప్రభృతుల పక్షం. ఉర్దూ నుడికారం ఆర్యభాషలది గనుక హిందీ, పారసీక ప్రత్యయాలతో జనానికి తెలిసే మాటలు కట్టవలెనని వహీదుద్దీన్ సలీం పక్షం. సలీం గారు 1921లో ఈ విషయం మీదనే ఒక గ్రంథం వెలువరించారు. మన తెలుగులో సంస్కృత పదమా, దేశి పదమా అని జరిగిన తగవు ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు.

ఒక్క ఉదాహరణ చూడండి. రాళ్ళను, పొరలను గురించిన శాస్త్రానికి ఉర్దూలో తబఖాతుల్ అర్జ్ అన్న పేరున్నది. భూమి పొరలు అని దాని అర్థం. తెలుగులో మనం భూగర్భశాస్త్రం అన్నాము. ఒక భాష భూమిని దొంతరలుగా చూసింది, మరొకటి తల్లి కడుపుగా చూసింది. రెండు పేర్లూ సరైనవే. మన ప్రాంతపు విద్యార్థికి ఈ పాఠం పుస్తకం తెరవకముందే కళ్ళయెదుట ఉంటుంది. ఇటు మన వైపు గ్రానైటు గుండ్లు. అటు జుక్కల్, మద్నూర్ వైపు సాగితే నల్లరేగడి. ఆ నల్లని నేల అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్టు రాయి చివికి ఏర్పడినది. ఔరంగాబాదు ఆ రాతి మీదనే ఉన్నది. ఎల్లోరా గుహలను తొలిచినది ఆ రాతిలోనే. హైదరాబాదు గ్రానైటుకు, ఔరంగాబాదు బసాల్టుకు నడుమ తిరిగిన జీవితం మౌల్వీ గారిది.

పదాలు సిద్ధమైనా ముద్రణ చిక్కు తప్పలేదు. ఉర్దూ పాఠకుడు కోరేది నస్తాలీఖ్ లిపి. అందులో అక్షరాలు ఒకదానిపై నుండి మరొకటి జారుతున్నట్లు వాలి ఉంటాయి. పక్క అక్షరాన్ని బట్టి రూపం మారుతుంది. ఇన్ని రూపాలను సీసపు అచ్చులలో పోతపోయడం దుస్సాధ్యం. కనుక కాతిబు అనే లేఖకుడు చేతితో వ్రాస్తే, దానిని సున్నపురాతి పలకమీదికి ఎక్కించి అచ్చు తీసేవారు. శిలాముద్రణ అంటే అదే. ముద్రణకూ భూగర్భశాస్త్రానికీ ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నదని చాలామందికి తెలియదు. గజలుకు ఆ పద్ధతి ఎంతో శోభనిస్తుంది. సమీకరణాలు, పట్టికలు నిండిన శాస్త్రగ్రంథానికి ప్రాణసంకటం. ఒక్క అంకె తప్పుపోతే రాతిమీద దిద్దవలెను, లేదా మళ్ళీ వ్రాయించవలెను. విడి అచ్చులకు లొంగే నస్ఖ్ లిపిని సామాన్య పాఠకుడు అంతగా మెచ్చలేదు. అయినను అంజుమన్ ప్రచురణలలో పలు గ్రంథాలు నస్ఖ్ అచ్చులోనే వెలువడ్డాయి. కంటికి ఇంపు కంటె తప్పులేని ప్రతి మేలని వారు తలచి ఉండవచ్చు. నస్తాలీఖ్ యంత్రానికి సంపూర్ణంగా లొంగినది 1981లో, నూరీ నస్తాలీఖ్ వచ్చిన తరువాత. అది చూడటానికి మౌల్వీ గారు లేరు.

ఆయన వ్రాసిన వ్యక్తిచిత్రాల సంపుటి చంద్ హమ్ అస్ర్. అందులో పెద్ద పెద్ద పండితుల సరసన నామ్‌దేవ్ అనే ఒక తోటమాలి కూర్చున్నాడు. ఔరంగాబాదులోని బీబీ కా మక్బరా తోటలో పనిచేసిన నిమ్నకులస్థుడతడు. ఆ తోట పర్యవేక్షణ మౌల్వీ గారిదిగా ఉండగా ఆయన కంటబడినాడు. మొక్కలను కన్నబిడ్డలవలె సాకినవాడు. తోటలో మెలగీ మెలగీ మూలికల గుణాలు నేర్చుకొన్నాడు. ముఖ్యంగా పసిపిల్లల రోగాలకు అతని మందు మంచిదని దూరప్రాంతాలనుండి తల్లులు వచ్చేవారు. తోటలోని ఆకులు, వేళ్ళు తెచ్చి మందిచ్చేవాడు. ప్రతిఫలం పుచ్చుకొనేవాడు కాడు. చివరకు తేనెటీగలు దాడి చేసినప్పుడు, తక్కిన మాలీలు తప్పుకొన్నా, పనిలో మునిగి ఉండి వాటి కాట్లకు ప్రాణం విడిచాడు. ఏ వైద్య కళాశాలా చూడని ఆ మనిషి జ్ఞానాన్ని విద్వాంసుల జ్ఞానం పక్కన కూర్చోబెట్టడం మౌల్వీ గారి మనస్సు ఎటువంటిదో చెబుతుంది.

ఆ మనస్సే తరువాతి పనిలోనూ కనిపిస్తుంది. 1939 మొదలు 1944 వరకు అంజుమన్ ఎనిమిది భాగాలుగా వృత్తిపదాల కోశాన్ని ప్రచురించింది. జఫరుర్ రహ్మాన్ దేహ్లవీ సంకలించిన ఆ కోశంలో చేతిపనులవారి మాటలున్నాయి. తెలుగులో అటువంటి పని ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి చేత 1962లో వ్యవసాయ పదాలతో ఆరంభమైనది. ఇవిగాక 1928లో సైన్స్ అనే పత్రిక, 1937లో ఆంగ్ల ఉర్దూ నిఘంటువు, ముల్లా వజ్హీ సబ్ రస్ వంటి ప్రాచీన దక్కనీ గ్రంథాల పరిష్కరణ ఆయన కృషిలో చేరినవే. ఇవన్నీ చెప్పుకొంటూ పోతే ఈ పుటలు చాలవు.

ఒక మాట దాచకుండా చెప్పవలసి ఉన్నది. ఉస్మానియాలోని ఉర్దూ మాధ్యమం ఉర్దూ ఇండ్ల పిల్లలకు వరమే. రాజ్యంలో అధికసంఖ్యాకులైన తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలకు మాత్రం అది ఆంగ్లం స్థానంలో వచ్చిన మరొక పరభాష. ఏ న్యాయంతో ఉర్దూ బాలునికి స్వభాషలో శాస్త్రం అందినదో, ఆ న్యాయం తెలుగు బాలునికి అందలేదు. తెలుగులో కళాశాల గ్రంథాల కొరకు తెలుగు అకాడమి 1968లో గాని ఏర్పడలేదు. మౌల్వీ గారి చూపు కూడా ఈ విషయంలో ఇరుకైనదే. 1954లో పాకిస్తానులో బెంగాలీకి కూడా రాజభాషా హోదా ఇవ్వదలచినప్పుడు, దానిని ప్రతిఘటిస్తూ కరాచీలో ఊరేగింపు నడిపిన పెద్ద ఆయనే. స్వభాష విలువ అంతగా ఎరిగినవారు పొరుగువారి స్వభాష విలువను గుర్తించలేకపోవడం బాధ కలిగించే సంగతి.

1938లో అంజుమన్ ఢిల్లీకి తరలింది. 1947 నాటి అల్లర్లలో దాని కార్యాలయం దోపిడికి గురైనది. మౌల్వీ గారు కరాచీ చేరారు. అప్పటికి ఏడుపదులు దాటిన వయస్సు. ఇటు హైదరాబాదులో 1948 తరువాత ఉస్మానియా బోధన క్రమంగా ఆంగ్లానికి మారింది. దారుల్ తర్జుమా గ్రంథాలు బీరువాలకు చేరాయి. అటు ఆయన మళ్ళీ మొదటినుండి ఆరంభించి 1949లో ఉర్దూ కళాశాలను స్థాపించారు. 1958లో మహానిఘంటువు పని మొదలైనప్పుడు ప్రధాన సంపాదకత్వం వహించారు. ఆ నిఘంటువు ఇరవై రెండు సంపుటాలతో ముగిసినది 2010లో.

1961 ఆగస్టు 16న మౌల్వీ అబ్దుల్ హక్ కన్నుమూశారు. ఆయన సమాధి కరాచీలో, తాను స్థాపించిన ఆ కళాశాల ఆవరణలోనే ఉన్నది.